ఎండాకాలం ఇసుక

సన్‌షేడ్ కూలింది ఆగస్టులో, ఒక శుక్రవారం. చివరి పీరియడ్ జరుగుతోంది. నేను తొమ్మిదో తరగతికి సమాసాలు చెబుతున్నాను. జల్లు మొదలైందని మావారు శ్రీహరి నన్ను తీసుకెళ్లడానికి వచ్చారు. బండికి స్టాండు వేసి, మా క్లాసు కిటికీ బయట సన్‌షేడ్ కింద నిలబడ్డారు. నేను చూస్తే, కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపారు. నేను బోర్డు వైపు తిరిగాను. లారీ ఇసుక దించినప్పుడు వస్తుందే, అలాంటి చప్పుడు వచ్చింది.

ఆ రోజు గురించి ఇంతకు మించి రాయను.

తర్వాత ఇంజనీర్లు వచ్చారు. టేపు పెట్టి కొలిచారు. "పాతబడిపోయిందండీ" అన్నారు. ఆ బిల్డింగు వయసులో నాకంటే చిన్నది. విరిగిన అంచులోంచి ఇనప చువ్వ బయటికి వచ్చి ఉంది. పట్టుకుంటే ఉల్లిపొరలాగా ఎర్రగా ఊడి చేతిలోకి వచ్చింది. కాసేపు పట్టుకుని మళ్లీ అక్కడే పెట్టేశాను.

నేను రాయాలనుకున్నది దాని తర్వాత వచ్చిన ఎండాకాలం గురించి.

మా ఊరు నాగాయలంక దాటాక వస్తుంది. ఇంకొంత ముందుకెళ్తే కృష్ణ సముద్రంలో కలుస్తుంది. హైస్కూలు పాత బిల్డింగు పడగొట్టాక పిల్లల్ని తుఫాను షెల్టర్లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పాం. కొత్తది కట్టించడానికి హైదరాబాదులోని ఒక ట్రస్టు ముందుకొచ్చింది. కాంట్రాక్టరుది విజయవాడ. ఆయన తరఫున సైటు చూసుకునే ఇంజనీరు ఫైసల్‌ది బందరు. ట్రస్టు వాళ్లు ఒక షరతు పెట్టారు. సైటుకి ఏ లోడు వచ్చినా వాళ్ల యాప్‌లో ఎక్కాలి. ఎక్కించేది ఫైసల్. అందిందని ఒప్పుకోవలసింది స్కూలు తరఫు మనిషి. ఇన్‌చార్జి హెడ్మిస్ట్రెస్‌ని కాబట్టి ఆ మనిషిని నేను.

మా ఊళ్లో సిగ్నలు సరిగ్గా అందేది షెల్టరు డాబా మీద. ఫైసల్ నన్ను అక్కడికి తీసుకెళ్లి ఫోను చూపించాడు.

"లారీ గేట్లోకి రాగానే నేను ఫొటో తీస్తాను మేడం. నంబరు ప్లేటు కనపడాలి. ఏం సరుకు, ఎంత, ఎక్కణ్ణుంచి, అన్నీ నింపుతాను. అది మీ ఫోనుకి వస్తుంది. పచ్చది నొక్కితే యాక్సెప్టెడ్. ఎర్రది నొక్కితే రిజెక్టెడ్. ఎర్రది నొక్కినప్పుడు మాత్రం కింద రిమార్క్స్‌లో కారణం రాయాలి. లేకపోతే ముందుకెళ్లదు."

"ఏదీ నొక్కకపోతే?"

"మర్నాడు సాయంత్రానికి దానంతటదే పచ్చగా మారిపోతుంది."

"మనం చూడకపోయినా?"

"మనం చూళ్లేదని దానికెలా తెలుస్తుంది మేడం" అని నవ్వాడు.

ఏప్రిల్లో టెన్త్ పేపర్లు దిద్దడానికి బందరు వెళ్లాను. స్పాట్ వాల్యుయేషన్ హాల్లోకి ఫోన్లు రానివ్వరు. సాయంత్రం గదికి వచ్చి పడుకునేదాన్ని. ఫోను చూడాలనిపించేది కాదు, అందులో మావారి ఫొటోలు ఎక్కువ ఉన్నాయి. ఆ డ్యూటీ అయిపోయి ఇంటికొచ్చేసరికి ఇసుక లోడ్లు వచ్చినట్టూ, నేను ఒప్పుకున్నట్టూ యాప్‌లో వరసగా పచ్చ టిక్కులు పడి ఉన్నాయి. ఆ ఇసుకతో ఉత్తరం గది స్తంభాలు లేచాయి. నేను చూడబోయేసరికి వాటికి గోనెపట్టాలు చుట్టి నీళ్లు పడుతున్నారు.

ఆ ఇసుక తోలుతున్నది మా మరిది.

పూర్తి పేరు దుర్గాశ్రీనివాస్. ఇంట్లో శీను. సొంత టిప్పరు ఉంది. అన్న పోయాక అతనికి మాట తగ్గిపోయింది. స్కూలుకి ఇసుక తోలే పని దొరికాకే మళ్లీ ఇంట్లో అతని గొంతు వినిపించడం మొదలైంది.

"అన్న పోయిన చోట నా ఇసుకతోనే గోడ లేస్తోందమ్మా" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ.

"మీ నాన్న కూడా తోలాడుగా. నీకు మాత్రం ఎక్కడికి పోతుంది" అంది అత్తయ్య.

పాత బిల్డింగు కట్టినప్పుడు ఇసుకంతా మా మావయ్య పోతురాజుగారే తన పడవ మీద ఊరికే తెచ్చి ఇచ్చారట. 'ఇసుక దాత' అని ఆయన పేరుతో గోడకి నాపరాయి పలక ఉండేది. బిల్డింగు కొట్టేసేటప్పుడు అత్తయ్య పొక్లెయిన్ డ్రైవర్ని బతిమాలి దాన్ని ఊడదీయించి ఇంటికి తెచ్చుకుంది. నూతి చప్టా పక్కన గోడకి ఆనించి, రోజూ నీళ్లు పోసి కొంగుతో తుడిచేది. కొత్త బిల్డింగుకి మళ్లీ అదే పెట్టించాలని ఆవిడ కోరిక. నేను సరేనన్నాను.

మే నెలలో ఒక సాయంత్రం శీను లోడు దించి వెళ్లాడు. ఆ రాత్రి వాన పడింది. పొద్దున్నే నేను సైటుకి వెళ్లేసరికి మేస్త్రి కుప్ప మీంచి చిటికెడు ఇసుక తీసి నాలిక మీద వేసుకుని ఉమ్ముతున్నాడు. మా వైపు ఇసుకని కూడా రుచి చూసే అలవాటుంది. బోరు వేసినా, చెరువు తవ్వినా, ముందు నోట్లో పోసుకుని చూడాల్సిందే.

"తియ్యగానే ఉంది మేడం" అన్నాడు. ఉప్పు లేనిదాన్నల్లా మేము తియ్యన అంటాం.

మా అత్తయ్య కనకరత్నం ఎండుచేపలు అమ్మిన మనిషి. గంప నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ దాకా సంతలు తిరిగింది. పెళ్లైన కొత్తలో నన్ను వెంటబెట్టుకెళ్లి మొట్టమొదట నేర్పింది ఇదే. "పైన కనిపించే చేప అమ్మేవాళ్లదే అమ్మాయ్. అడుగునున్నది కొనేవాళ్లది. చెయ్యి అడుక్కి పెట్టి చూడు."

నేను వాచీ తీసి బ్యాగులో వేసుకున్నాను. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాను. లోపల చల్లగా ఉంది. గుప్పెడు తీసి నాలికకి తగిలించాను. పైదాన్ని వాన కడిగేసింది. లోపలిది ఉప్పు, చువ్వల్ని తినేసే ఉప్పు.

అప్పుడే రెండో లోడుతో శీను వచ్చాడు. క్యాబిన్లోంచి తల బయటికి పెట్టి, "ఏంటి వదినా, ఇసుక తింటున్నావ్? అమ్మ ఇవాళ టిఫిను చెయ్యలేదా?" అన్నాడు. కూలీలు నవ్వారు.

"ఇది ఎక్కడిది శీనూ?"

"ఎక్కడిదేంటి, మన రేవుదే. కృష్ణ ఇసుక. కావాలంటే ఫైసల్ని అడుగు, యాప్‌లో రివర్ శాండ్ అనే ఎక్కించాడు."

"ఉప్పగా ఉంది."

"కృష్ణమ్మ ఉప్పగా ఉంటుందా? మనిల్లు కట్టింది ఈ రేవు ఇసుకతోనేగా."

"మనిల్లు వరదలు తీశాక కట్టాం. ఇప్పుడు ఎగువనించి చుక్క రావట్లేదు. పోటుకి సముద్రం రేవు దాటి పైదాకా ఎక్కుతోంది. ఊళ్లో బోర్లన్నీ ఉప్పు తిరగలేదూ?"

"నీళ్లు వేరు, ఇసుక వేరు."

"ఆ నీళ్లలోంచేగా ఇసుక తోడేది. దిగి నువ్వే చూడు."

అతను దిగలేదు. "మా నాన్న ఈ ఇసుకతో స్కూలు కట్టించాడు. నన్నిప్పుడు దాన్ని నాకి చూడమంటావా?" అన్నాడు. నవ్వు పోయింది. టిప్పరు ఎత్తి లోడు దించి వెళ్లిపోయాడు.

నేను షెల్టరు డాబా ఎక్కాను. యాప్ తెరిచాను. ఫొటోలో ఇసుక బాగుంది. నంబరు ప్లేటు బాగుంది. సరుకు పేరు, కొలత, చోటు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు. రుచి రాయడానికి గడి లేదు. రెండు లోడ్లకీ ఎర్రది నొక్కాను. రిమార్క్స్‌లో తెలుగులో రాశాను: ఉప్పగా ఉంది.

మర్నాడు హైదరాబాదు నుంచి ఫోను. డాబా మీదే ఉన్నాను. ట్రస్టులో ఈ పనులు చూసే మాధవిగారు.

"మేడం, రిమార్క్స్ ఇంగ్లీషులో పెట్టండి. తెలుగులో ఉంటే సిస్టమ్‌లో సెర్చ్ అవ్వదు."

"మీకు తెలుగు వచ్చు కదండీ?"

"వచ్చు."

"మరి చదివారుగా."

ఆవిడ గొంతు తగ్గించి, "రుచి అనేది పారామీటర్ కాదు మేడం. మీకు జరిగిన నష్టం మాకందరికీ తెలుసు. ఆ బాధలో మీకు ప్రతిదీ అనుమానంగా..." అంది.

"నా నష్టం గురించి అందులో రాయలేదండీ. ఇసుక గురించే రాశాను."

తర్వాత కాంట్రాక్టరు చేశాడు. ఆయన గొంతు తగ్గించలేదు. రోజుకో లోడు వెనక్కి కొడితే పని సాగదన్నాడు, ఒప్పుకునే మనిషి పేరు మార్పించేస్తానన్నాడు.

"మార్పించండి. యాప్‌లో పేరు తీసేయొచ్చు. స్కూలు గేటు తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది" అన్నాను.

శీను మానలేదు. పంతానికి పోయి లోడు మీద లోడు తెచ్చాడు. నేను గేటు తియ్యలేదు. రోడ్డు పక్కన దించాడు. ఫైసల్ ఫొటో తీసి ఎక్కించాడు, నేను డాబా ఎక్కి ఎర్రది నొక్కాను. ఎక్కకపోతే మర్నాటికి పచ్చగా మారిపోతుంది కదా. ఎండలో ఆ మెట్లెక్కడం ఊరంతా చూసింది. నాకు పేరు కూడా పెట్టారు, రిజెక్టు మేడం అని. సోడాబండి దగ్గర ఎవరో, "పిల్లలకి సున్నా మార్కులేసే చెయ్యి, ఊరుకుంటుందా" అన్నారు. నేను వినేలాగే అన్నారు. మా స్కూల్లో సున్నా ఎవరికీ వెయ్యలేదు, ఆ మాట చెప్పడానికి ఆగలేదు.

స్కూలు కమిటీ పెద్ద సామ్యేలుగారు ఇంటికొచ్చారు. మంచాయన. పాత బిల్డింగులో చదువుకున్నాయన.

"అమ్మా, వానలొస్తే ఊరంతా షెల్టర్లోకే చేరతారు. అప్పుడు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతావ్? ఒక్క నొక్కు నొక్కితే పోయేదానికి ఎందుకింత?"

"నొక్కుతున్నానండి. రోజూ నొక్కుతున్నాను."

"అది కాదమ్మా, ఆ పక్కది."

"ఆ పక్కది నొక్కితే సన్‌షేడ్ కింద మీ మనవరాలు నిలబడుతుందండీ."

సామ్యేలుగారు కండువా భుజం మార్చుకున్నారు. మజ్జిగ తాగి, లేచి వెళ్లారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నాకు మద్దతుగా కూడా ఏమీ అనలేదు.

ఆ మధ్యాహ్నం శీను అన్నానికి వచ్చాడు. నాతో మాట్లాడటం అప్పటికే మానేశాడు. నేను పక్కనే కూర వడ్డిస్తుంటే అత్తయ్య వైపు తిరిగి, "అమ్మా, ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను. ఇంట్లో మనిషే నా ఇసుక బాగోలేదంటే బయట ఎవడు కొంటాడు? ఇంకెవరైనా తోలితే ఇలాగే చేసేదా అని అడుగు" అన్నాడు.

"ఇంకెవరు తోలినా ఇలాగే చేస్తానని చెప్పండి" అన్నాను.

అత్తయ్యకి కోపం వచ్చింది. నా మీద గొంతెత్తడం అదే మొదలు.

"ఏం ఉప్పు తల్లీ, ఏం ఉప్పు? మీ మావయ్య తెచ్చింది ఆ రేవు నించి కాదూ? ఇలాగే రోళ్లు పగిలే ఎండల్లో, నదిలో నీళ్లు లేక పడవ నేల తగులుతుంటే, పోటు ఎప్పుడొస్తుందా అని చూసుకుని, పోటు మీద తోలుకొచ్చాడు. అన్ని పడవల ఇసుక. ఏమైంది ఆ బిల్డింగుకి?"

అనేసి ఆగిపోయింది.

నా చేతిలో గరిటె అలాగే ఉంది. శీను ముద్ద కలుపుతున్నవాడు కలపడం ఆపాడు. నూతి దగ్గర పలక తడి ఇంకా ఆరలేదు, తలుపులోంచి కనపడుతోంది. నేను శీను కంచంలో మజ్జిగ పోశాను. అతను అది తినకుండానే లేచాడు.

నేను ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. అనేదాన్ని కూడా కాదు.

మర్నాడు ఫైసల్ బందరు నుంచి ఆలస్యంగా వచ్చాడు. చేతిలో చిన్న సీసా. "మా కాలేజీ ల్యాబులో అడిగి తెచ్చాను మేడం. కాంట్రాక్టరుకి తెలిస్తే నా ఉద్యోగం సంగతి మీరే చూసుకోవాలి" అన్నాడు. కుప్ప లోపలి ఇసుకని గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి కలిపాడు. తేరాక ఆ నీళ్లు ఇంకో గ్లాసులోకి వంచి, సీసాలోంచి చుక్కలు వేశాడు. తేటగా ఉన్న నీళ్లు గంజిలాగా తెల్లబడ్డాయి. ఉప్పుంటే అలా అవుతుందట. దాన్ని ఫొటో తీస్తుండగా గేటు దగ్గర అలికిడైంది.

అత్తయ్య. మావారు పోయాక ఆవిడ స్కూలు వైపు వచ్చింది ఒక్కసారే, ఆ పలక కోసం. మళ్లీ ఇదే రావడం. నన్ను చూడలేదు. తిన్నగా రోడ్డు పక్క కుప్ప దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. కొంగు దోపుకుని చెయ్యి అడుక్కి పెట్టింది. సంతలో గంప ముందు కూర్చున్నట్టే కూర్చుంది. గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది.

"ఉమ్మెయ్యండి అత్తయ్యా" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. మింగేసింది.

లేవబోతుంటే ఫైసల్ చెయ్యందించాడు. ఆవిడ అతని ఫోను వైపు చూసి, "బాబూ, ఇందులో నా వేలిముద్ర పడుతుందా?" అని అడిగింది.

"లేదమ్మా. మేడం గారొక్కరికే ఉంది."

"అయితే మా కోడలు నొక్కిందే నేనూ నొక్కానని రాసుకో. ఇసుక దాత పెళ్లాన్ని అని రాసుకో."

ఫైసల్ నా వైపు చూశాడు. రాయమన్నాను. తెల్లబడిన నీళ్ల ఫొటో పక్కన రిమార్క్స్‌లో తెలుగులోనే ఆ రెండు ముక్కలూ రాశాడు. ఈసారి డాబా మెట్లు అత్తయ్య కూడా నాతో ఎక్కింది. మధ్యలో రెండుచోట్ల కూర్చుంది.

ఫొటో పారామీటరే అయ్యుంటుంది. వారం తిరక్కుండా ఆ రేవు ఇసుక ఆపమని ట్రస్టు నుంచి కాంట్రాక్టరుకి ఆర్డరు వచ్చింది. బెజవాడ ఎగువ నుంచి ఇసుక రావడం మొదలైంది. మొదటి లోడు వచ్చిన రోజు డ్రైవరు దిగి నాకు నమస్కారం పెట్టి, "చెయ్యి పెట్టుకోండి మేడం, మీ గురించి దారి పొడుగునా చెప్పారు" అన్నాడు. పెట్టి చూశాను. తియ్యగా ఉంది. పచ్చది నొక్కాను.

శీను టిప్పరు ఇంటి ముందు ఆగిపోయింది. ఒక సాయంత్రం నేను అదే గదిలో పేపరు చదువుకుంటుంటే వాళ్లమ్మతో అన్నాడు, "వరదలొచ్చి నది కడిగాక తోలితే ఒప్పుకుంటుందేమో అడుగమ్మా."

"తెమ్మనండి. చెయ్యి పెట్టి చూస్తాను" అన్నాను.

"చూస్తుందట" అంది అత్తయ్య.

"వినబడింది" అన్నాడు.

నాకు మిగిలింది ఉత్తరం గది. నేను బందరులో ఉన్నప్పుడు పచ్చ టిక్కులు పడిన ఆ రేవు ఇసుకే దాని స్తంభాల్లో ఉంది. వాటిని పగలగొట్టి మళ్లీ పొయ్యాలని మాధవిగారికి ఫోను చేశాను.

"అవి యాక్సెప్టెడ్ మేడం. మీ లాగిన్‌లోంచే."

"నేను నొక్కలేదండీ. ఆ రోజుల్లో ఫోను ముట్టలేదు."

"సిస్టమ్ ప్రకారం ఒప్పుకున్నట్టే. వెనక్కి తిప్పే ఆప్షన్ లేదు."

"స్తంభాల్ని తిప్పక్కర్లేదు. పగలగొడితే చాలు."

పైవాళ్లతో మాట్లాడతానంది. జూన్లో బళ్లు తెరిచారు. మళ్లీ షెల్టర్లోనే చెబుతున్నాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి లోడుకీ, సిమెంటైనా, చువ్వలైనా, కిటికీ రెక్కలైనా, బాగుంటే పచ్చది నొక్కుతున్నాను. పచ్చదానికి రిమార్క్స్ అక్కర్లేదు. అయినా రాస్తున్నాను, ప్రతి లోడు కిందా అదే వాక్యం. ఉత్తరం గది స్తంభాలు పగలగొట్టాలి. నిన్న మేకుల డబ్బా ఒకటి వచ్చింది. దాని కిందా రాశాను. ఇంగ్లీషులో పెట్టమని ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

అత్తయ్య నూతి దగ్గర పలకని బోర్లించింది. దాని మీద చేపలు తోముతోంది. కొత్త బిల్డింగుకి పెట్టించమని మళ్లీ అడగలేదు. మావారి బండి శీనే స్కూలు నుంచి తెచ్చి టిప్పరు పక్కన పెట్టాడు. అప్పుడప్పుడు స్టార్టు చేసి ఆపుతుంటాడు.

దక్షిణం గదికి శ్లాబు పడింది. దాని సన్‌షేడ్ కింద నేను వెళ్లి నిలబడి చూశాను.

ఉత్తరం గది స్తంభాలు ఇంకా పగలగొట్టలేదు.